ఆరో నంబరు జవాబు

మా ఆడపడుచుకి ఆరో నంబరు అని పేరు పెట్టింది నేనే. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది, లేకపోలేదు. కానీ తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేని వంటగదిలో భుజాలు రాసుకుంటూ తిరిగేవాళ్ళకి అసలు పేర్లతో పనేముంది? ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో ఆ సామెత పారలేదు. ఆ మనిషి గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. గొంతు పెంచడం నా శాఖ.

తన ఉద్యోగం ఏమిటంటే ఉత్తరాలకి జవాబులివ్వడం. ఇంటర్నెట్లో వాతావరణం మ్యాపులు చూపించే కంపెనీ అది. అలాంటి మ్యాపు మీరూ చూసే ఉంటారు. గాలి, వాన, అలలు అన్నీ రంగురంగుల్లో ఉంటాయి. సముద్ర ప్రవాహాలు అన్నచోట నొక్కితే నీలం మీద సన్నటి తెల్లగీతలు పారుతూ కనిపిస్తాయి. వేలు ఎక్కడ పెడితే అక్కడ నీరు ఎటు పోతోందో, ఎంత జోరుగా పోతోందో అంకె వస్తుంది. చూసేవాడికి ఆకాశంలో కూర్చుని నీళ్ళని కళ్ళారా చూస్తున్నట్టే ఉంటుంది. లోకంలో నలుమూలల నుంచీ జనం ఆ కంపెనీకి రాస్తారు. మూడో అంతస్తులో, తెరుచుకోని అద్దాల వెనక, పన్నెండు మంది కూర్చుని ఆ ఉత్తరాలు చదువుతారు. చదివి, ముందే తయారుచేసి పెట్టిన పద్నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఏరి పంపుతారు. సొంత మాట రాయడానికి లేదు.

ఆరో నంబరు జవాబు ప్రవాహాల గురించి. మా అందరికీ కంఠతా వచ్చేసింది. "మా ప్రవాహాల సమాచారం ఉపగ్రహాల ద్వారా, ఆధునిక గణన పద్ధతుల ద్వారా సేకరించినది. అది నిరంతరం తాజా అవుతూ ఉంటుంది. మీ నమ్మకానికి కృతజ్ఞతలు." చేరిన కొత్తలో మా ఆడపడుచు దీన్ని ఇంట్లో గర్వంగా అప్పజెప్పేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని నేనడిగితే "బాగుంది వదినా" అనేది. ఎప్పుడూ బాగుందనే అనేది. "ఇది నాలుక చెప్పిందా, ఆరో నంబరు చెప్పిందా?" అని నేననేదాన్ని. అలా ఆ పేరు అతుక్కుపోయింది. అప్పట్లో తనూ నవ్వేది.

మావారి పని ఓడల అడుగున. లంగరేసిన ఓడ కిందకి దిగి, అడుగుకి పట్టిన నాచూ గుల్లలూ గీకుతారు. ఓడ పక్కన చిన్న పడవ కట్టి ఉంటుంది, అందులో గాలి మిషను ఉంటుంది, దాన్నుంచి గొట్టం మనిషి నోటికి వస్తుంది. నీరు నిలకడగా ఉన్నంతసేపే పని. లాగుడు ఎక్కువైతే మనిషి ఓడని పట్టుకుని నిలవలేడు. గొట్టం ఎక్కడైనా చిక్కుకుందా, ఇక అంతే. అందుకని వాళ్ళ మేస్త్రి వెనకటి నుంచీ ఒక పద్ధతి పెట్టాడు. పడవ ముక్కు దగ్గర చెక్కముక్క నీళ్ళలో వేసి, అది తోక దాటేలోగా నిదానంగా అంకెలు లెక్కపెట్టాలి. ఇరవై అయిదు వస్తే దిగొచ్చు. రాకపోతే టీ తాగుతూ కూర్చోవాలి, ఓడ కెప్టెను ఎంత గింజుకున్నా సరే.

ఆ పద్ధతి మాన్పించింది మా ఆడపడుచే. నాలుగేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున వాళ్ళన్నయ్య ఫోన్లో తమ కంపెనీ మ్యాపు పెట్టి, లంగరు చోటు మీద వేలుంచి చూపించింది. "ఇదిగో అన్నయ్యా, సున్నా పాయింటు రెండు. ఇంట్లోంచి బయల్దేరకముందే తెలిసిపోతుంది. ఇంకా ఆ చెక్కముక్కలేమిటి?" అంది. ఆయన మేస్త్రికి చూపించాడు. మేస్త్రి ఓడల ఏజెంట్లకి చూపించాడు. ఏజెంట్లకి ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే చెక్కముక్క కాగితం మీద నిలవదు, అంకె నిలుస్తుంది. ఆ నెలలోనే దిగే ముందు నింపే పత్రంలో ఒక గడి వచ్చిచేరింది: ప్రవాహ వేగం, మ్యాపు ప్రకారం. ఆ అంకె అర, అంటే సున్నా పాయింటు అయిదు, దాటకపోతే దిగి తీరాలి. దిగకపోతే కారణం రాయాలి. "మా చెల్లెలి మ్యాపు" అని మావారు గట్టంతా చెప్పుకుని తిరిగాడు. నేను కూడా చెప్పుకున్నాను, నాకేం సిగ్గు లేదు.

తర్వాత ఎక్కడో దూరాన ఒక జలసంధిలో బల్లకట్టు నడిపే ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మా జలసంధిలో నీరు రోజుకి నాలుగుసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. మీ మ్యాపులో పొద్దున, సాయంత్రం ఒకేవైపు ఒకే అంకె. ఇటు గట్టు దగ్గరా, అటు గట్టు దగ్గరా, నడిమధ్యా కూడా అదే అంకె. ఇదెలా?" అని. తను ఆరో నంబరు పంపింది. ఆయన మళ్ళీ రాశాడు. మళ్ళీ ఆరో నంబరు. మూడోసారి ఆయన ఒక్క వాక్యమే రాశాడు: "అమ్మా, అయ్యా, మీరెవరైనా సరే, నేనడిగింది చదివారా?"

ఆ మాట తనకి ముల్లులా దిగింది. మధ్యాహ్నం టిఫిను మానేసి పై అంతస్తులో మ్యాపు లెక్కలు చూసే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన నెరిసిన జుట్టు మనిషి, మంచివాడు, అడిగితే చెబుతాడు.

"సముద్రాన్ని గడులుగా కోసుకుంటామమ్మా," అన్నాడట. "ఒక్కో గడి మన ఊరూ పక్కన రెండు ఊళ్ళూ కలిపినంత. గడికి ఒక్క అంకె, రోజుకి ఒక్క అంకె."

"ఒడ్డు దగ్గరో సార్?"

"ఒడ్డు దగ్గర ఉపగ్రహానికి సరిగా అందదు. ఆ గడులు ఖాళీ. ఖాళీగా వదిలేస్తే మ్యాపు చిల్లులు పడ్డట్టుంటుంది కదా, పక్క గడి అంకె లాగి అందులో వేస్తాం."

"మరి ఆటుపోట్లు?"

"అవి ఇందులో లేవు. పోటుకి ఇటొస్తుంది, ఆటుకి అటు పోతుంది, రోజంతా కలిపి సగటు తీస్తే ఏం మిగులుతుంది? దాదాపు సున్నా."

ఇది నాకు చెప్పినప్పుడు నేనన్నాను, ఇంటికీ అంగడికీ వందసార్లు తిరిగినవాణ్ణి సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి అసలు కదల్లేదన్నట్టుందే అని. "అంతే వదినా" అంది. గీతలు కదులుతున్నాయి కదా సార్ అని కూడా అడిగిందట ఆయన్ని. అవి చూపుకోసం వేసినవమ్మా, అన్నాడట. నడిసముద్రంలో పోయే పెద్ద ఓడలకి ఈ మ్యాపు బాగానే పనికొస్తుందనీ, ఒడ్డు దగ్గర మాత్రం నమ్మేది కాదనీ, ఈ సంగతి తమ అంతస్తులో అందరికీ తెలుసనీ చెప్పాడు. మరి బయటివాళ్ళకి చెప్పరేం అంటే, "ఎవరూ అడగలేదు కదా" అన్నాడు. అడిగినవాళ్ళ ఉత్తరాలన్నీ కింది అంతస్తులోనే ఆగిపోయేవి మరి.

బల్లకట్టు ఆయనకి తను సొంతంగా ఒక్క వాక్యం రాసింది, ఒడ్డు దగ్గర జాగ్రత్తగా వాడండి అని. జవాబులు తనిఖీ చేసే కంప్యూటరు దాన్ని పట్టుకుని మేనేజరుకి చూపించింది. హెచ్చరిక కాగితం వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన షరతుల కాగితం కూడా దానికి జతచేసి పంపారు, లెక్కల లోపలి సంగతులు బయట చెప్పకూడదన్న చోట పచ్చరంగు పూసి మరీ. ఆరో నంబరు మార్చమని తను మేనేజరుని అడిగింది. "మూడు నెలల సమీక్షలో పెడదాం" అన్నాడు. మూడు సమీక్షలు గడిచిపోయాయి. ఆయన ప్రతిసారీ అదే మాట అదే మెత్తదనంతో అన్నాడు. ఆయనకీ ఎవరో పద్నాలుగు జవాబులు ఇచ్చి ఉంటారు.

ఉద్యోగం వదిలేయొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను, నోటికేం. మా అత్తయ్యకి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. అదంతా ఆ ఉద్యోగం ఇచ్చిన వైద్యం కార్డు మీదే నడుస్తోంది. ముందుగదిలో అత్తయ్య మంచం, పక్కన చాప మీద తను. ఆ గదికి ఒకటే కిటికీ, తెరిస్తే పక్కింటి గోడ. అక్కడ కూర్చుని ఒకరోజు నాతో అంది: "పొద్దున అద్దాల్లో, సాయంత్రం ఈ గోడ ముందు. నేనెక్కడికి పోను వదినా? ఎంతమందికి ఆరో నంబరు పంపానో లెక్క తీశాను. రెండువేల నాలుగొందల పన్నెండు." నేనేదో వేళాకోళం ఆడబోయి మానేశాను. ఆ పేరుతో పిలవడం కూడా ఆ రోజు నుంచే మానేశాను.

వాళ్ళన్నయ్యకి మాత్రం చెప్పేసింది. షరతుల కాగితం సంగతి తెలిసీ చెప్పింది. అన్నం తింటున్న ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే "నాకు తెలుసులే" అన్నాడు.

"తెలిసే దిగుతున్నావా అన్నయ్యా?"

"పద్నాలుగేళ్ళు నీళ్ళలో ఉన్నవాణ్ణి, నీళ్ళు లాగుతుంటే ఒంటికి తెలియదా? రెండుసార్లు గొట్టం పట్టుకుని పైకొచ్చాను. అయినా పత్రంలో అర లోపు ఉంటే దిగాలి. లాగుతోంది అంటే ఏజెంటు ఫోను చూపిస్తాడు."

"మేస్త్రికి చెప్పు."

"చెప్పాను. నీళ్ళు లాగుతున్నాయన్న నోటిమాట ఏజెంటు ఒప్పుకోడు, మీ చెల్లెలి కంపెనీ కాగితం మీద రాసిస్తే గడి తీయించేస్తానన్నాడు. అన్నట్టు, ఆయనే రాస్తానన్నాడు మీవాళ్ళకి."

మా ఆడపడుచు చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. పన్నెండు మందిలో మన తీరం ఉత్తరాలు చూసేది తనొక్కతే.

మేస్త్రి గురించి చెప్పాలి. యాభై ఎనిమిదేళ్ళు, పీపాలాంటి ఒళ్ళు, నీళ్ళ ఒత్తిడికి ఒక చెవి పోయింది కాబట్టి అరిచి మాట్లాడతాడు. మా ఇంటికొస్తే గుమ్మంలోంచే "అమ్మాయ్, టీ" అనేవాడు. కోపం వస్తే మావారిని గట్టు మీద అందరి ముందూ తిట్టేవాడు, సాయంత్రం వచ్చి బుజ్జగించేవాడు. ఆయన చేతి కింద ఇరవై రెండేళ్ళలో ఒక్క మనిషీ పోలేదు. ఆ సంగతి తానే అందరికీ చెప్పుకునేవాడు, చెప్పుకునే హక్కు ఆయనకుంది.

సోమవారం ఉత్తరం రానే వచ్చింది. "మా మనుషులు మీ అంకె చూసుకుని నీళ్ళలోకి దిగుతున్నారు. మా లంగరు చోట ఆ అంకెని నమ్మొచ్చా, నమ్మకూడదా? ఒక్క ముక్కలో చెప్పండి." ఉత్తరం తెరవగానే తెర మూలన గడియారం తిరగడం మొదలవుతుంది, నలభై ఎనిమిది గంటలు. ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు, చివరికి ఎరుపు. ఆ సాయంత్రం వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ నాకు చెప్పింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నిజం రాస్తే ఉద్యోగం, ఆరో నంబరు రాస్తే అన్న.

నేను ఆలోచించలేదు. నా మొగుడి ప్రాణం ముందు నాకింకేం కనపడుతుంది? "రాసెయ్. ఉన్నదున్నట్టు రాసెయ్. అత్తయ్య సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు. తను నా మొహంలోకి చూసి, తల ఊపి, ఉల్లిపాయలు తరగడం పూర్తిచేసింది.

మంగళవారం పొద్దున పంపింది. ఆ ఉత్తరం నా దగ్గరుంది. "అయ్యా, నమ్మకూడదు. మీ లంగరు చోటు మీద కనిపించే అంకె అక్కడ కొలిచింది కాదు. దూరపు నీళ్ళ అంకెను అక్కడ వేశాం. అందులో ఆటుపోట్లు లేవు. మనుషులను దింపేముందు మీ కళ్ళతో నీళ్ళు చూసుకోండి." కింద ఎవరి పేరూ ఉండదు, కంపెనీ ముద్ర మాత్రం ఉంటుంది. ఆ సాయంత్రం మావారు ఇంటికొచ్చి, మేస్త్రి చెక్కముక్క మళ్ళీ బయటికి తీశాడని చెప్పాడు. చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. ఆ పూట మా ఇంట్లో అందరం రెండోసారి అన్నం పెట్టించుకున్నాం.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి మేనేజరు తనని గదిలోకి పిలిచాడు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు ఒకసారి ఇవ్వమన్నాడు, తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ కార్డు తాకిస్తే తప్ప ఆ అంతస్తులో ఏ తలుపూ తెరుచుకోదు, మెట్ల తలుపూ, లిఫ్టూ, ఆఖరికి మరుగుదొడ్డి కూడా.

"నువ్వు రాసింది తప్పని నేననను," అన్నాడట. "కానీ ఒకరికి రాస్తే అందరికీ రాయాలి. అందరికీ రాస్తే రేపు మ్యాపు ఎవడు చూస్తాడు? ఇది పొరపాటున వెళ్ళిందని ఒక్క ముక్క రాసి, మామూలు జవాబు పెట్టు. ఇక్కడితో అయిపోతుంది. నీ ఉద్యోగానికి వచ్చిన నష్టమేమీ లేదు."

"అక్కడ మనుషులు నీళ్ళలోకి దిగుతారు సార్."

"వాళ్ళకి కళ్ళున్నాయి కదమ్మా. నువ్వేగా రాశావు."

తిట్టలేదు, బెదిరించలేదు. ఆమెకి నీళ్ళు తెప్పించి ఇచ్చాడు. తన పని తాను చూసుకుంటూ కూర్చున్నాడు. గోడ మీద పెద్ద తెరలో వాళ్ళ మ్యాపు, తెల్లగీతలు అలా పారుతూనే ఉన్నాయి. నాలుగైంది, అయిదైంది. అయిదున్నరకి ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది, అత్తయ్యకి శుద్ధి అయిపోయింది, తీసుకెళ్ళడానికి ఎవరొస్తున్నారని. ఆరింటికి తను ఆ గదిలోనే కూర్చుని టైపు చేసింది. "నిన్న మా కార్యాలయం నుంచి మీకు అందిన జవాబు పొరపాటున పంపబడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. సరైన జవాబు ఇది." దాని కింద ఆరో నంబరు. మేనేజరు చదివి, బాగుందని, కార్డు తిరిగిచ్చాడు.

ఇంటికొచ్చి మాకు అంతా చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే నేనైనా ఓదార్చేదాన్ని. మావారు వెంటనే చెప్పులేసుకున్నాడు, మేస్త్రి దగ్గరికి వెళ్ళి మొదటిదే నిజమని చెప్పొస్తానని. ఆపింది నేను. ఇది నేను రాయకపోయినా ఎవరికీ తెలియదు, కానీ రాస్తున్నాను. "మేస్త్రి నోట్లో నువ్వుగింజ నానదు," అన్నాను. "రేపు ఏజెంటు ముందు అరుస్తాడు, ఆఫీసులో ఆ అమ్మాయే చెప్పిందట అని. చెల్లెలి ఉద్యోగం పోతుంది. వైద్యం కార్డు పోతే అత్తయ్య ఎన్నాళ్ళుంటుంది చెప్పండి. మీరు దిగకండి, అంతే. చెవిపోటని చెప్పండి." చెవిపోటంటే ఆ పనిలో ఎవరూ మారుమాట అడగరు. ఆయన గుమ్మంలో చాలాసేపు నిలబడి, చెప్పులు విప్పేశాడు. మా ఆడపడుచు మా ఇద్దరివైపూ చూసి, అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పౌర్ణమి. నీళ్ళు జోరు మీదుండే రోజు. మావారు చెవిపోటన్నాడు. సాయంత్రం ఓడ కదలాలి, ఒక మనిషి తక్కువ. తర్వాత జరిగింది గాలి మిషను దగ్గరుండే ఆయన మాకు చెప్పాడు. మేస్త్రి అలవాటు కొద్దీ చెక్కముక్క వేశాడట. తొమ్మిది లెక్కపెట్టేసరికి తోక దాటిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ తొమ్మిదే. ఆ రోజు గాలి కూడా ఉంది. చెక్క గాలికి కొట్టుకుపోతోంది తప్ప కింద నీళ్ళకేం కాలేదన్నాడట. ఫోనులో చూస్తే సున్నా పాయింటు రెండు. జేబులోంచి రెండో ఉత్తరం తీసి ఇంకోసారి చదువుకుని, మడిచి, పత్రం మీద సంతకం చేసి, నీళ్ళలోకి దిగడం మానేసిన ఆరేళ్ళకి మళ్ళీ తానే దిగాడు. పావుగంటకి గొట్టం బిగుసుకుంది. లాగితే తెగిన ముక్క వచ్చింది.

వెతికే పడవలు కూడా మ్యాపులో గీతలు ఎటు పోతున్నాయో అటే వెళ్ళాయి. మర్నాడు మధ్యాహ్నం వాటికి ఎదురు దిక్కున, రెండు మలుపుల అవతల, రాళ్ళలో దొరికాడు.

ఆ వార్త విన్నప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం. మంచం మీద నా మొగుడు బతికి కూర్చున్నాడు, వేడిగా, ఊపిరి పీలుస్తూ. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చి, పోలేదు.

పదహారు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున, మేస్త్రి గారి భార్య మా ఇంటికి వచ్చారు. సన్నటి మనిషి, నెమ్మది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు ఉత్తరాలు. మావారు కుర్చీ వేసి, తాను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్య మంచం మీదే పక్కకి తిరిగి పడుకుంది. మేస్త్రి గారి భార్య ఉత్తరాలు రెండూ ఒళ్ళో పరుచుకుని మా ఆడపడుచుని అడిగారు.

"అమ్మాయీ, నువ్వు ఆ ఆఫీసులోనే చేస్తావట కదా. ఇవి ఎవరు రాశారో కాస్త కనుక్కుని చెబుతావా? దావా వెయ్యడానిక్కాదు. ఒకడు నమ్మొద్దంటాడు, మర్నాడు ఇంకొకడు నమ్మమంటాడు. వాళ్ళిద్దర్నీ ఒక్కసారి చూడాలని ఉంది."

నేను ముందుకొచ్చాను. "అక్కడ ఎవరు రాస్తారో ఎవరికీ తెలియదు పిన్నిగారూ. వందమంది ఉంటారు. ఈమెకేం తెలుస్తుంది?" అన్నాను. నోరు తిరిగినదాన్ని కదా, అబద్ధం నీళ్ళలా వచ్చేసింది. మావారు నేల చూస్తున్నాడు. మా ఆడపడుచు మంచం అంచున కూర్చుని ఉంది. నేను పక్కనే నిలబడి కాలితో తన కాలు నొక్కాను. తను కాలు తీసుకుంది.

"రెండూ నేనే రాశానండి," అంది.

ఆమెకి అర్థం కాలేదనుకున్నాను. "రెండూనా?" అన్నారు.

"రెండూ. మొదటిది నిజం. రెండోది నాతో రాయించారు, కానీ రాసింది నేనే."

గొడవ చేస్తారనుకున్నాను. చేస్తే బాగుండేది, నాకు గొడవ చేతనవును. ఆమె మొదటి ఉత్తరం తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివారు.

"ఎందుకు రాశావమ్మా ఇది?" అన్నారు.

"మీవారు దిగకూడదనండి."

"అలా కాదు తల్లీ. ఆయన ఆ మ్యాపుని ఎప్పుడూ సగమే నమ్మేవాడు. ఇది వచ్చాక, చూశావా నేననుకున్నదే అన్నాడు. రెండోది వచ్చేసరికి ఇంటికొచ్చి నాకు చదివి వినిపించాడు. 'చూడు, ఎంత జాగ్రత్త మనుషులో. ఒక్క తప్పు దొర్లితే మర్నాటికల్లా దిద్దుకుని మరీ రాశారు. ఇలాంటివాళ్ళని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం' అన్నాడు. నువ్వు ఈ మొదటిది రాయకపోయి ఉంటే, ఆ రెండోదాన్ని ఆయన అంత నమ్మేవాడు కాదమ్మా."

ఆమె రెండో ఉత్తరం కవర్లో పెట్టుకున్నారు, విచారణ అధికారి అడిగాడట. మొదటిది అత్తయ్య మంచం పక్కనున్న మందుల బల్ల మీద పెట్టి, టీ వద్దని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

సోమవారం మా ఆడపడుచు తెల్లవారుతూనే లేచింది, అత్తయ్యకి ఒళ్ళు తుడిచింది, తల దువ్వుకుంది, ఎనిమిదింటికి ఆఫీసుకి వెళ్ళింది. వెళ్ళొద్దని మాలో ఎవరమూ అనలేదు.